ఏడో నంబరు కుందేలు లెక్క

2007 సెప్టెంబరు 2, ఆదివారం, మదనపల్లె.

మా కళాశాల జంతుశాస్త్ర విభాగంలో అటెండరుగా పనిచేసి రెండేళ్ళ కిందట రిటైరైన ఆయన ఆగస్టు తొమ్మిదో తేదీ పొద్దున పుంగనూరులో తన ఇంట్లో చనిపోయాడు. మరుసటి రోజు ఆయన భార్య ఎవరింటి నుంచో నాకు ఫోన్ చేసింది.

"అమ్మా, మా ఇంటాయన లేడమ్మా ఇంక. పొద్దన్నే పాలు పితికి చెంబు అరుగు మీద పెట్నాడు. పక్కన్నే కూర్చునె. కాఫీకి పిలస్తే పలకలేదు."

"ఎన్ని గంటలకు?" అని అడిగాను. అదెందుకు అడిగానో నాకు తెలియదు.

"ఆరున్నరమ్మా" అంది.

ఫోన్ పక్కనున్న క్యాలెండర్లో తొమ్మిదో తేదీ గడిలో ఆరున్నర అని రాశాను. పొయ్యి మీద పప్పు దించాను. మనవరాలికి జడ వేసి బడికి పంపాను. ఆ రోజు గురించి చెప్పడానికి ఇంతకంటే లేదు.

పూర్వ విద్యార్థుల సంచికకు ఆయన మీద రెండు పేజీలు రాసివ్వమని అడిగారు. ఇది రెండు పేజీల్లో పట్టదు. 1998లో నేను విభాగం రిజిస్టరులో ఆయన మీద ఒక వాక్యం రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యం తప్పు. తప్పని నాకు ఆయన పదకొండో రోజున తెలిసింది. అప్పుడు దాన్ని చదివినవాళ్ళు, దాని గురించి విన్నవాళ్ళు మీలో కొందరు ఉన్నారు. వాళ్ళు ఇది కూడా చదవాలి.

ఆయన మీకందరికీ గుర్తుండే ఉంటాడు. పుంగనూరు నుంచి మొదటి బస్సుకు వచ్చేవాడు. ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒక తుండుగుడ్డ. గాజు సామాను మూడుసార్లు కడగాలని నేను చెప్పిన మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మూడుసార్లే కడిగాడు. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టేవాడు. పరీక్ష హాల్లో కూడా ఆ లెక్క వినిపించేది. "మెల్లగా లెక్కపెట్టప్పా" అంటే, "మెల్లగా అంటే మర్సిపోతాను మేడమ్" అనేవాడు.

ఆయన ఇంట్లో పొట్టి ఆవులు రెండు మూడు ఎప్పుడూ ఉండేవి. తాత నాటి నుంచి ఊళ్ళో పాలు పోసే ఇల్లు. ఈ సంగతి ముందు అవసరమవుతుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

1996లో మా విభాగానికి పట్టుపురుగుల మీద ఒక చిన్న పరిశోధన పథకం వచ్చింది. మన వైపు పట్టు రైతులకు తెలుసు, పురుగు మేత మానేసి తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. జ్వరానికి పోయింది అంటారు. తర్వాత పాత తోలు విడిచి లేస్తుంది. తోలు విడవాలన్న కబురు పురుగు ఒంట్లో ఒకచోట పుడుతుంది. ఆ కబురును కణం లోపల ఒకరి నుంచి ఒకరికి అందించే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. మేము వెతికింది అందులో ఒక ప్రోటీనును. అది కంటికి కనిపించదు. దాన్ని పట్టుకోవాలంటే దానికి మాత్రమే అంటుకునే పదార్థం ఒకటి కావాలి. దాని పేరు యాంటీబాడీ. అది కుందేలు రక్తంలో తయారవుతుంది.

పని ఇది. బెంగళూరు నుంచి తెచ్చిన ప్రోటీనును కొద్ది కొద్దిగా కుందేలుకు సూదితో ఎక్కిస్తాం. కుందేలు రక్తం దాన్ని కొత్తదిగా గుర్తుపట్టి దానికి అంటుకునే యాంటీబాడీని తయారు చేస్తుంది. కొన్ని వారాల తర్వాత చెవి నరం నుంచి రక్తం తీసి, గడ్డ కట్టనిచ్చి, పైకి తేలిన పసుపుపచ్చటి నీరు వంచుకుంటాం. ఆ నీరే సీరం. పురుగు ఒంటిలోని ప్రోటీన్లను ఒక పొర మీద పరిచి, దాని మీద ఈ సీరం పోస్తే, మేము వెతికే ప్రోటీను ఉన్నచోట నల్లటి గీత వస్తుంది. గీత వస్తే కబురు అందినట్టు.

కుందేలు చెవి పట్టుకోవడం ఆయనకు నేర్పింది నేనే. చెవిని వేడి గుడ్డతో రుద్దాలి, వెలుతురు చెవి వెనక నుంచి రావాలి, అప్పుడే నరం కనిపిస్తుంది అని చెప్పాను. వారం రోజుల్లో నాకంటే బాగా తీశాడు. సూది గుచ్చే ముందు కుందేలు తల నిమిరి "అయిపాయె, అయిపాయె" అనేవాడు.

"ఇంకా మొదలే పెట్టలేదు కదప్పా" అన్నాను ఒకసారి.

"దానికి తెల్దు కదా మేడమ్."

కుందేళ్ళకు పేర్లు పెట్టకూడదని నా నియమం. పేరు పెడితే సూది గుచ్చడం కష్టం. నంబర్లతోనే పిలవాలి. "నంబర్లు పెట్టి పిలస్తే మూతి తిప్పుకుంటాయి మేడమ్" అన్నాడు. "తిప్పుకోనీ" అన్నాను. ఆ తర్వాత నా ముందు ఎప్పుడూ పేరు వాడలేదు.

ఆరు కుందేళ్ళు సరైన గీత ఇవ్వలేదు. ఏడో నంబరు ఇచ్చింది. దాని సీరం అయిదువేల వంతు పలచన చేసినా గీత నల్లగా, ఒక్కటే గీతగా, ఉండాల్సిన చోట వచ్చింది. ఆ పథకం మీద పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి రామకుప్పం వైపు పల్లె నుంచి వచ్చింది. వాళ్ళది మల్బరీ తోట ఉన్న ఇల్లు. ఆ గీత చూసి గదిలో గెంతింది. అటెండరు తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, "ఇంత సన్న గీత కోసమా మేడమ్ ఇన్ని కుందేళ్ళు!" అన్నాడు.

1998 మార్చితో పథకం గడువు ముగిసింది. కుందేళ్ళ గది ఖాళీ చెయ్యాలి. అలాంటప్పుడు పద్ధతి ఏమిటంటే, మంచి కుందేలు రక్తం మొత్తం ఒకేసారి తీసేస్తారు. కుందేలు బతకదు. దాన్ని ఆఖరి సేకరణ అంటాం. నేను పేపర్లు దిద్దడానికి పది రోజులు తిరుపతి వెళ్ళాలి. ఆయనకు చెప్పి వెళ్ళాను. అంతకు ముందు మూడో నంబరుకు, అయిదో నంబరుకు ఆయనే చేశాడు. చేతగాని పని కాదు. ఇంట్లో కోళ్ళు కోసే మనిషి.

తిరిగి వచ్చేసరికి ఒక సీసాలో పద్నాలుగు మిల్లీలీటర్ల సీరం ఉంది. ఆ బరువున్న కుందేలు నుంచి నలభై అయిదు దాకా రావాలి.

"ఇంతేనా?"

"ఇంతే వచ్చె మేడమ్."

"కుందేలు?"

"అయిపాయె మేడమ్."

సూది గుచ్చే ముందు ఆయన కుందేలుకు చెప్పే మాటే అదని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు. రిజిస్టరులో ముప్పై ఒకటి తక్కువ అని రాశాను.

నెల తర్వాత ఆయన ఒక చిన్న సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఇదొకటి ఫ్రిజ్జులో అడుగున ఉండె మేడమ్" అన్నాడు. ఆరు మిల్లీలీటర్లు. సరే, తక్కువపడ్డది దొరికింది అనుకుని కలిపి రాశాను. తర్వాత నెల అయిదు. తర్వాత ఆరు. అలా సీసాలు దొరుకుతూనే ఉన్నాయి. అయిదో సీసాకు మొత్తం నలభై రెండు. ఆరో సీసాతో నలభై ఎనిమిది అయింది.

చనిపోయిన కుందేలు నుంచి రాగలిగినదాని కంటే ఎక్కువ సీరం నా రిజిస్టరులో ఉంది.

నేను సీసాలన్నిటినీ వరసగా పరీక్షించాను. మొదటిది బలమైనది. తర్వాత ఒక్కో సీసాకూ బలం కొంచెం కొంచెం తగ్గింది. ఆరో సీసాకు రెండు వేల వంతు పలచనకే గీత రావడం ఆగింది. నా ఆలోచన ఇలా సాగింది. కుందేలు చచ్చిపోయింది. రక్తం అంతా ఒకే రోజు తీశారు. అయితే అన్ని సీసాల బలం ఒకటే ఉండాలి. తగ్గుతోంది. కాబట్టి ఎవరో పలచన చేస్తున్నారు. ఆయనది పాలు పోసే ఇల్లు.

అంతకు మించి నేను ఆలోచించలేదు.

ఒక పరీక్ష మిగిలి ఉండింది. సీరంలో మొత్తం ప్రోటీను ఎంత ఉందో చూడటం. నీళ్ళు కలిపి ఉంటే అది కూడా తగ్గాలి. గంట పని. బీఎస్సీ పిల్లలకు నేనే నేర్పే పరీక్ష. నేను చెయ్యలేదు. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను రాసిన రిజిస్టర్లలో ఖాళీ గడి అదొక్కటే.

ఆయన్ని పిలిచాను. పరిశోధన చేసే అమ్మాయి కూడా గదిలోనే ఉంది.

"ఇది ఎక్కడిదప్పా?"

"ఫ్రిజ్జులో అడుగున ఉండె మేడమ్."

"అడుగున నిన్న నేనే తుడిచాను."

"అయితే పైన ఉండె మేడమ్."

"నవ్వులాటగా ఉందా?"

"లేదు మేడమ్."

"పాలల్లో పోసినట్టు ఇందులో కూడా పోస్తున్నావా?"

ఆయన తల ఎత్తి చూశాడు.

"మా ఇంట్లో పాలల్లో ఎవురూ నీళ్ళు పొయ్యరు మేడమ్" అన్నాడు.

పాల సంగతికే జవాబు చెప్పాడు. సీరం సంగతికి చెప్పలేదు. జవాబు లేదు కాబట్టే చెప్పలేదని నేను అనుకున్నాను.

అప్పటితో మానేస్తాడనుకున్నాను. మానలేదు. తర్వాత మూడు నెలల్లో ఇంకో మూడు సీసాలు నా బల్ల మీద పెట్టాడు. నాలుగు, ఆరు, అయిదు. ఈసారి ఎక్కడ దొరికిందో చెప్పలేదు. "మంచిదే మేడమ్, వాడండి" అని మాత్రం అన్నాడు. ఆరో సీసా నుంచి నాలుగు సీసాల మీద ఎర్ర సిరాతో అడ్డగీతలు పెట్టాను. రిజిస్టరులో అదే సిరాతో ఇలా రాశాను: సీరంలో నీళ్ళు కలిపినట్టు అనుమానం, ఈ వ్యక్తి తెచ్చిన సీసాలు నమ్మదగినవి కావు. కింద సంతకం, తేదీ. ఒక మెమో ఇచ్చాను. దాని నకలు ఫైలులో పెట్టాను. ఆ ఏడు ల్యాబ్ అసిస్టెంటు ఖాళీకి ఆయన పేరు వెళ్ళాల్సి ఉండింది. ఫైలులో నా మెమో ఉండటంతో వెళ్ళలేదు. ఆయన అటెండరుగానే రిటైరయ్యాడు.

మెమో ఇచ్చిన మరుసటి రోజు కూడా మొదటి బస్సుకే వచ్చాడు. ఒకటి, రెండు, మూడు అని గాజు సామాను కడిగాడు.

అమ్మాయి ఆ నాలుగు సీసాలు ఇమ్మని అడిగింది. "బలం తక్కువైనా పనికొస్తాయి మేడమ్, ఎక్కువ పోసుకుంటా" అంది. ఇవ్వలేదు. నీళ్ళు కలిపిన దానితో వచ్చిన ఫలితం మీద నేను సంతకం పెట్టను అన్నాను. పథకం డబ్బు లేకపోయినా విభాగం ఖర్చుతో మళ్ళీ కుందేళ్ళు తెచ్చాం, మళ్ళీ మొదటి నుంచి. పదకొండో నంబరు సీరం పోస్తే పొర నిండా గీతలే. ఏది ఏదో తెలియదు. "మా నాయన సదువుకు మూడేళ్ళు టైమిచ్చినాడు మేడమ్. అయిపాయె మూడేళ్ళు" అంది ఒకరోజు కిటికీ వైపు చూస్తూ. ఇంకో రెండేళ్ళు పట్టింది. అనుకున్నదానిలో సగం థీసిస్ రాసి పట్టా తీసుకుంది. ఇప్పుడు కుప్పంలో పాఠాలు చెబుతోంది. 2000లో నేను రిటైరైనప్పుడు పథకం తాలూకు సీసాలన్నీ ఐసుపెట్టెలో ఆ అమ్మాయికే ఇచ్చేశాను. ఎర్ర గీతలవి పారెయ్యమని చెప్పాను.

ఆయన నన్ను మూడుసార్లు ఇంటికి పిలిచాడు. మొదటిసారి 98 ఎండాకాలంలో.

"మేడమ్, ఒకసారి మా ఇంటికి రావల్ల. మీకొకటి సూపించల్ల."

"ఏమిటది? ఇక్కడికే తీసుకురా."

"ఈడికి తెచ్చేది కాదు మేడమ్."

కింది సిబ్బంది ఇళ్ళకు వెళ్ళకూడదని నాకొక నియమం ఉండేది. ఒకరింటికి వెళ్ళి ఇంకొకరింటికి వెళ్ళకపోతే మాట వస్తుంది. వెళ్ళలేదు. రెండోసారి మెమోకు ముందు వారం. ఈ ఆదివారం రండి అన్నాడు. ఆ మనిషి మీద అనుమానం పెట్టుకుని ఆ మనిషి ఇంట్లో కాఫీ తాగడం నాకు కుదరదు. మూడోసారి నా రిటైర్మెంటు రోజు. నా పుస్తకాల పెట్టెలు ఆటోలో పెట్టి, తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఇప్పుడన్నా రండి మేడమ్. అది ముసిల్ది అయిపోతాండాది."

"మీ ఆవా?"

నవ్వాడు. "ఆవు కాదులే మేడమ్."

ఆటో ఆగి ఉంది. ఎక్కాను.

ఇప్పుడు పదకొండో రోజు సంగతి. ఆగస్టు పంతొమ్మిది. పుంగనూరు బస్సు దిగి అడుగుతూ వెళ్ళాను. భోజనాలు అయ్యాక ఆయన భార్య నా పక్కన వచ్చి కూర్చుంది.

"మీరు వస్తారో రారో అనుకుంటిని అమ్మా. ఆయన ఉండంగా రాలేదు గదా" అంది. మామూలుగానే అంది. తర్వాత లేచి, "ఒకటి సూడల్ల రాండమ్మా" అని ఆవుల కొట్టం వెనక్కు పిలుచుకుపోయింది.

అక్కడ కొయ్యతో చేసిన పెట్టె ఒకటి ఉంది. ముందు వల, అడుగున సన్న బద్దలు. మూత మీద తెల్ల రంగుతో ఏడు అంకె.

"ఇదెవరిదమ్మా?" అని అడిగాను.

"మేడమ్‌ది అమ్మా" అని, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమనుకోవద్దమ్మా. దాన్ని మేం మేడమ్ అనే పిలస్తా ఉంటిమి. కాలేజీలో పేరు పెట్టగూడదంట. ఈడికి వచ్చినంక పెట్నాడు. ఆకు కొంచెం ఎండినా తినదు. ఒక సూపు సూసేది సూడండి, అచ్చం..."

"చెప్పు" అన్నాను.

"అచ్చం మీ మాదిరే అని నవ్వేవాడు."

నేను పెట్టె ముందు నిలబడి ఉన్నాను. పెట్టె ఖాళీగా ఉంది.

"చంపమని చెప్పాను కదా" అన్నాను. నాకు ఆ సమయంలో వచ్చిన మాట అదే.

"చెప్పినారంట. ఆ పొద్దు సంచిలో ఏస్కోని బస్సులో వచ్చినాడు. ఇదేందయ్యా, ఉద్యోగం పోతాది అంటిని. ఇస్తా ఉండేదాన్ని కోసేది యాల అన్నాడు. ఆవును ఒక్కరోజే పిండుకోని కోసేస్తామా, నెలకింత నెలకింత తీసుకుంటే ఎన్నాళ్ళన్నా ఇస్తాది, ఆ పాప చదువు అయిపోతాది అన్నాడు. చెప్తే మేడమ్ ఊరుకోదు, మెల్లగా పిలుచుకోని వచ్చి సూపిస్తాలే అన్నాడు."

ఆయన ఒక పొరపాటు పడ్డాడు, అది కూడా రాయాలి. పాలు పితికినట్టు రక్తం తీస్తే ఎప్పటికీ అదే బలం ఉంటుందనుకున్నాడు. మధ్యలో ప్రోటీను మళ్ళీ ఎక్కించకపోతే యాంటీబాడీ నెల నెలా తగ్గుతుంది. ఎక్కించడానికి ఆయన దగ్గర ప్రోటీను లేదు. అది నా తాళంలో ఉండేది. అందుకే సీసా సీసాకూ బలం తగ్గింది. నీళ్ళ వల్ల కాదు. కుందేలు బతికి ఉండటం వల్ల.

ఇంట్లోకి వెళ్ళి ఆమె ఒక గీతల నోటుపుస్తకం తెచ్చింది. కాలేజీలో పిల్లలకిచ్చే రకం. మొదటి పేజీ పైన నేను రిజిస్టరులో పెట్టే వరసలోనే గడులు గీసి ఉన్నాయి. తేదీ. ఎడమ చెవి లేదా కుడి చెవి. ఎంత రక్తం. ఎంత సీరం. ఒక నెల ఎడమ, ఒక నెల కుడి. ఐసు ఎక్కడ కొన్నదీ రాశాడు, బస్‌స్టాండు దగ్గర సోడా అంగడి. ఒక నెల గడిలో, మేడమ్ నలతగా ఉండాది, కొంచెమే తీసినాను, అని ఉంది. దాని పక్కన నాలుగు.

మంచం మీద కూర్చుని అంకెలు కలిపి చూశాను. పద్నాలుగు. ఆరు, అయిదు, ఆరు, ఆరు, అయిదు, ఆరు, నాలుగు, ఆరు, అయిదు. మొత్తం అరవై మూడు. నా రిజిస్టరులో ఉన్నది అరవై మూడు. నాకు రిజిస్టరు చూడనక్కర్లేదు. రెండోసారి కలిపి చూశాను. అంతే వచ్చింది.

తొమ్మిదో సీసా తర్వాత ఒక వాక్యం ఉంది. ఇంక తీయలేదు, మేడమ్ నమ్మలేదు.

ఆ కింద అయిదు గీతలు వదిలి, 2003 తేదీ వేసి, ఏడో నంబరు పోయింది, రక్తం తీయలేదు.

"ఒక మాట చెప్పి ఉండొచ్చు కదమ్మా నాతో" అన్నాను ఆమెతో.

"నేనూ అదే అంటిని. మేడమ్ చూస్తే అదే తెలస్తాది, చెప్తే ఏం లాభం అన్నాడు. మీరు కంటితో సూడంది నమ్మరంట గదమ్మా."

నేను తరగతిలో అలాగే చెప్పేదాన్ని. అది నిజం.

ఆగస్టు ఇరవై ఏడున కుప్పం వెళ్ళాను. బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది. ఆమెను అడిగి తెచ్చుకున్న నోటుపుస్తకం సంచిలో ఉంది. అమ్మాయి, ఇప్పుడు అమ్మాయి అనకూడదు గానీ, తన ల్యాబులో ఫ్రీజర్ తెరిచి వెనక నుంచి ఒక డబ్బా తీసింది. నాలుగు సీసాలు. ఎర్ర గీతలు వెలిసిపోయాయి గానీ ఉన్నాయి.

"పారెయ్యమన్నాను కదా."

"అన్నారు మేడమ్."

"మరి?"

"ఆయన పారెయ్యొద్దన్నాడు మేడమ్. మేడమ్‌కి కోపం తగ్గినంక అడుగుతాదిలే, ఉంచుకో పాపా అన్నాడు. కరెంటు పోయినప్పుడల్లా ఐసు మార్చి ఉంచినా."

"కుందేలు బతికి ఉందని నీకు తెలుసా?"

"తెలీదు మేడమ్."

"మరి నీళ్ళు కలపలేదని ఎలా అనుకున్నావు?"

"ఆయన కలపలేదని అనుకున్నా. అంతే మేడమ్."

"అంతేనా?"

"అంతే మేడమ్."

ఆ పరీక్ష నేనే చేశాను, నా చేత్తో. మొత్తం ప్రోటీను. గంట పని అన్నాను కానీ ఇప్పుడు నాకు రెండు గంటలు పట్టింది. మొదటి సీసాలో మిగిలిన కొంచెం కూడా పక్కన పెట్టి చూశాను. అయిదూ ఒకటే. ఒక్క చుక్క నీళ్ళు లేవు. మరుసటి రోజు ఆ అమ్మాయి పట్టుపురుగు ప్రోటీన్లు పొర మీద పరిచి నాలుగు సీసాల సీరం పోసింది. చాలాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత గీత వచ్చింది. సన్నగా, ఉండాల్సిన చోట, ఒక్కటే. నాలుగింటికీ వచ్చింది. ఆ అమ్మాయి ఏడ్చింది. నేను గీతల మధ్య దూరం కొలిచి కాగితం మీద రాసుకున్నాను.

ఇంతవరకు రాసి మనవరాలికి చదవడానికి ఇచ్చాను. "అవ్వా, నువ్వు ఏడ్చినట్టు ఇందులో యాడా లేదే" అంది. ఏడవలేదు కాబట్టి రాయలేదు అన్నాను.

ఇక జరగవలసినవి.

1. రిజిస్టరులో నేను ఎర్ర సిరాతో రాసిన వాక్యం కొట్టెయ్యను. దాని కింద, ఈ వాక్యం తప్పు, పరీక్ష చెయ్యకుండా రాశాను, అని తేదీతో రాసి సంతకం పెట్టాలి. ప్రిన్సిపాల్ బుధవారం రమ్మన్నారు. ఖాళీ గడి కూడా అప్పుడే నింపాలి.

2. మెమోను వెనక్కు తీసుకుంటున్నట్టు ఉత్తరం రాసి ఫైలులో చేర్పించాలి. మెమో ఇంగ్లీషులో ఇచ్చాను. ఉత్తరం తెలుగులో రాసి ఆయన భార్యకు చదివి వినిపించాలి. ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం ఇక ఇవ్వలేరు. ఆ సంగతి కూడా ఆమెకు దాచకుండా చెప్పాలి.

3. నాలుగు సీసాల మీద ఎర్ర గీతలు తుడిచి, ఏది ఏ తేదీన, ఏ చెవి నుంచి తీసిందో నోటుపుస్తకం చూసి చీటీలు అతికించాలి. ఈ పని కుప్పంలో మొదలైంది.

4. ఆ సీరంతో ఇకముందు ఏది అచ్చయినా సేకరించినవారి పేరు ఉండాలి. అటెండరు అని కాదు, పూర్తి పేరు, ఇంటిపేరుతో. ఆ అమ్మాయి మాట ఇచ్చింది.

5. నోటుపుస్తకం నకలు కళాశాలలో పెట్టి, అసలుది ఆయన భార్యకు ఇచ్చెయ్యాలి.

6. మూడుసార్లు పిలిచాడు. ఒకసారి వెళ్ళాను. ఇంకా రెండుసార్లు వెళ్ళాలి.

7. పెట్టె ఏం చేసేదమ్మా, కట్టెలకు ఇచ్చెయ్యనా అని ఆమె అడిగింది. పెట్టె పక్కన ఒక పొట్టి పీట ఉంది, మీద మడత పెట్టిన తుండుగుడ్డ. పీట తూర్పు ముఖంగా వేసి ఉంది. పొద్దున్నే ఒడిలో కుందేలును పెట్టుకుని అక్కడ కూర్చుంటే ఎండ సరిగ్గా చెవి వెనక నుంచి పడుతుంది. పెట్టెను, ఆ పీటను కదిలించవద్దని చెప్పాలి.